అలివి వలల పడవలకు అడ్డం పోవచ్చా?

ప్రశ్న (కర్నూలు):
సంగమేశ్వరం దిక్కు శ్రీశైలం బ్యాక్‌వాటర్‌లో అలివి వలలు లాగుతున్నారు. దోమతెర మాదిరి సన్న కన్ను, గోరంత చేపపిల్ల కూడా తప్పించుకోదు. గట్టునే ఎండబెట్టి మూటలు కడతారు. సముద్రంలో కార్యకర్తలు ట్రాలర్లకు అడ్డం పోయినట్టు మనం పుట్టిల్లో పోయి ఆపొచ్చా అన్నా? వలలు కోసేస్తే?

జవాబు (నంద్యాల):
పుట్టిలో అస్సలు వద్దు. దానికి అడుగున పట్టు ఉండదు, లాగే తాడు ఒక పక్క తగిలితే గిర్రున తిరిగి బోర్లా పడుతుంది. ఆ తాడేమో నీళ్ల కింద ఉంటుంది, కనపడదు.
కోయడం ఇంకా చెరుపు. తెగిన నైలాన్ ముక్క కుళ్లదు, అడుగున ఉండి చేపల్ని చంపుతానే ఉంటుంది. సాక్ష్యమూ పోతుంది.
సముద్రం సంగతికొస్తే, వల వేసి ఉన్న ఓడకు మామూలు ఇంజిన్ పడవే తప్పుకోవాలని అంతర్జాతీయ నియమం. గుద్దుకుంటే తప్పు అడ్డం పోయినవాళ్ల మీదికి రావచ్చు.

జవాబు (కడప):
దొంగతనంగా చేపలు పట్టిన థండర్ అనే ఓడ కేసు చూడండి. సముద్ర జీవుల్ని కాపాడే సీ షెపర్డ్ సంస్థ వాళ్లు 2014 డిసెంబరులో అంటార్కిటిక్ జలాల్లో దాన్ని కనిపెట్టి 110 రోజులు వెంబడించారు. సంస్థ ఓడల్లో ఒకటి వెనకాలే పోయింది, రెండోది థండర్ వదిలేసిన వలలు, సుమారు 72 కిలోమీటర్లు, పైకి లాగి భద్రపరిచింది. 2015 ఏప్రిల్‌లో థండర్ సావో టోమే దగ్గర మునుగుతుంటే పైకెక్కి కంప్యూటర్లు, ఫోన్లు తెచ్చారు. కెప్టెన్‌కు, ఇద్దరు ఇంజనీర్లకు అక్కడి కోర్టులో శిక్ష పడింది. ఆ సాక్ష్యాలు కేసులో పనికొచ్చాయి.

ప్రశ్న అడిగినవారు:
ఉత్తర సముద్రంలో డాగర్ బ్యాంక్ అనే లోతు తక్కువ చోట, అడుగున వలలు ఈడ్చే ట్రాలర్లను ఆపడానికి పర్యావరణ సంస్థ గ్రీన్‌పీస్ 2020లో బండరాళ్లు దించింది కదా. ఇక్కడ దించితే?

జవాబు (నంద్యాల):
అక్కడ లోతు పెద్దగా మారదు. ఇక్కడ నిండు మట్టం 885 అడుగులు, ఎండాకాలానికి ఎంతో దిగిపోతుంది. ఆ రాళ్లకు న్యాయంగా పట్టుకునేవాళ్ల వలలే చినుగుతాయి, పడవలు పగులుతాయి. వద్దు.
గట్టు మీదనుంచే పని చేయండి. ఆరేసిన వల దొరికితే తడిపి, ఒక కన్నును ఎదురెదురు ముడులు పట్టి సాగదీసి స్కేలు పెట్టండి. పొడి నైలాన్ కొలత తేడా వస్తుంది. వేర్వేరు చోట్ల పది కన్నులు కొలిచి, స్కేలు కనపడేటట్టు ఫోటో తీయండి. ఎండబెట్టిన రాశిలో ఒక కిలో తూచి చేపపిల్లలు ఎన్నో లెక్కపెట్టండి. ఫోన్‌లో లొకేషన్ ఆన్ చేసుంచండి. మత్స్యశాఖకు రాతపూర్వకంగా ఇచ్చి రసీదు తీసుకోండి, నకలు పోలీస్ స్టేషన్‌కు. వల మాత్రం మీరు ఎత్తుకుపోవద్దు, స్వాధీనం చేసుకోవాల్సింది అధికారులు.