మరమ్మతు ఖర్చును నగరం చెల్లించిందా, భరించిందా, పెట్టుకొందా?

ప్రశ్న: లాస్ ఏంజెలెస్ గురించిన ఒక కథనాన్ని తెలుగులో రాస్తూ ఒకచోట ఆగిపోయాను. 2020 సెప్టెంబరులో హాలీవుడ్‌లోని ఒక మందుల దుకాణంలో దొంగలు పడ్డారన్న కబురు అందుకొని వెళ్లిన అక్కడి పోలీసు హెలికాప్టర్‌ను ఒక డ్రోన్ ఢీకొట్టగా, హెలికాప్టర్ ముక్కు భాగమూ యాంటెనా దెబ్బతిన్నాయి. ఇలాంటి సందర్భాన్ని ఉద్దేశించి నేను "పోలీసు హెలికాప్టర్ మరమ్మతుల ఖర్చును నగరం భరిస్తుంది" అని రాశాను. చదివిన మిత్రుడు "నగరం ఎవరికి భరిస్తుంది, ఎందుకు భరిస్తుంది?" అని అడిగారు. వాక్యంలో లోపం ఎక్కడుందో పెద్దలు చెప్పగలరు.

జవాబు: మీ మిత్రుని సందేహానికి సగం కారణం వ్యాకరణం కాదు, పరిపాలన. మనకు పోలీసు రాష్ట్ర ప్రభుత్వానిది; హైదరాబాద్ నగర పోలీసు అన్న పేరులో నగరం ఉన్నా, వారి జీతాలతోగాని వాహనాలతోగాని నగరపాలక సంస్థకు సంబంధం లేదు. లాస్ ఏంజెలెస్‌లో పోలీసు విభాగం నగరపాలక సంస్థలోని ఒక శాఖ, హెలికాప్టర్లూ ఆ నగరం ఆస్తే. కాబట్టి మన పాఠకునికి "నగరం" చాలదు, "నగరపాలక సంస్థ" అనాలి. "తన పోలీసు హెలికాప్టర్" అని "తన" కూడా చేర్చాలి. ఊరంతా కదిలింది అన్నప్పుడు ఊరు మనుషులవుతుంది గాని, డబ్బు కట్టే దగ్గర మన భాషకు ఖజానా ఎవరిదో తెలియాలి.

ఇక క్రియల సంగతి. "చెల్లించు" అన్నది "చెల్లు"కు ప్రేరణార్థకం; చెల్లుచీటీ, చెల్లని నాణెం వంటి మాటల్లో ఉన్నదీ ఆ చెల్లే. బాకీ తీరేలా చేయడం దాని భావం కనుక, బయటి సంస్థకు బిల్లు కట్టినప్పుడు అది సరిపోతుంది. "భరించు"లో బరువు మోయడం ఉంది, సహించడం కూడా ఉంది. తప్పు మరొకరిదై బరువు మనమీద పడినప్పుడు అది సొగసుగా ఉంటుంది. డ్రోన్ ఎగరవేసిన వ్యక్తి తరువాత కోర్టులో నేరం ఒప్పుకొన్నాడు. అతను కట్టవలసి వస్తే అది "నష్టపరిహారం" అవుతుంది గాని మరమ్మతు ఖర్చు కాదు. నగర ఆర్థిక తనిఖీ అధికారి 2023 డిసెంబరులో వెలువరించిన నివేదిక ప్రకారం, 17 హెలికాప్టర్లున్న పోలీసు వైమానిక విభాగానికి ఏడాదికి దాదాపు 4.66 కోట్ల డాలర్లు ఖర్చవుతోంది. ఆ లెక్క చూసి పెదవి విరిచిన పౌరులు మాత్రం "భరించు"ను రెండో అర్థంలో వాడతారేమో.

మరొక జవాబు: "మరమ్మతు" గురించి ఒక మాట. అరబ్బీలో పుట్టి, పారసీ, ఉర్దూల మీదుగా వచ్చిన ఈ పదం మనకు ఎంత సొంతమైందంటే, గ్రామస్థులే తమ చెరువులకూ కాలువలకూ శ్రమతో బాగుచేత చేసుకొనే పాత ఆచారానికి మద్రాసు ప్రెసిడెన్సీలో "కుడిమరమ్మత్తు" అన్న పేరే స్థిరపడింది. "కుడి" అంటే అక్కడి కాపురస్థుడు, రైతు. ఉమ్మడి వస్తువును వాడుకొనేవారే బాగుచేసుకోవాలన్న భావం ఆ సమాసంలోనే ఉంది. కాబట్టి "రిపేరు"ను తప్పించడానికి వేరే మాట వెతకనక్కరలేదు.

అయితే నాకు "చెల్లించింది", "భరించింది" రెండూ ఇక్కడ అంతగా అతకలేదు. లాస్ ఏంజెలెస్‌లో పోలీసు హెలికాప్టర్ల నిర్వహణకు నగరపాలక సంస్థలోనే మెకానిక్కులు ఉన్నారు. పని వారి చేతిలో జరిగితే నగరం ఎవరికి చెల్లించినట్లు? తెలుగు క్రియకు ఇక్కడ ఒక వెసులుబాటు ఉంది: "మరమ్మతు చేయించుకొంది" అన్నామంటే, "ఇంచు" వల్ల చేసినవారు వేరని, "కొను" వల్ల వస్తువు తనదేనని, ఫలితం తనకేనని తెలిసిపోతుంది. మెకానిక్కులు ఉద్యోగులైనా, బయటివారైనా మాట చెడదు. "బాగుచేయించుకొంది" కూడా అదే పని చేస్తుంది గాని, నాకు అది గడియారానికీ చెప్పులకూ నప్పినట్లు ఎగిరే యంత్రానికి నప్పదు.

ప్రశ్నించినవారు: కృతజ్ఞతలు. వాక్యాన్ని ఇలా మార్చాను: "దెబ్బతిన్న తన పోలీసు హెలికాప్టర్‌కు నగరపాలక సంస్థ సొంత ఖర్చుతో మరమ్మతు చేయించుకొంటుంది." మిత్రుడు ఈసారి "ఎవరికి" అని అడగలేదు, "సొంత ఖర్చు" అంటే పన్నులేగా అన్నారు.