సమస్యాపూరణం (ఇచ్చిన పాదంతో ముగిసేలా పద్యం పూర్తి చేయడం): వనముఁ జెఱచిన కోతికి వందనమ్ము

నిర్వాహకుడు:
‘తా చెడ్డ కోతి వనమెల్లా చెరిచింది’ అన్న సామెతను తలకిందులు చేస్తే ఈ పాదం తయారైంది. అశోకవనం ఎలాగూ వస్తుంది, రానివ్వండి. కానీ ‘చెఱచు’కు పూరణలో పని ఉండాలి. చివర ఊరికే వేలాడితే ఒప్పుకోను.

గోస్తని:
చెఱను బెట్టిన దనుజుని సిరి యణంగ
సీత యున్నట్టి చెట్టును జెనకకుండఁ
దక్కినవి యెల్లఁ గూలిచి తల్లి కొఱకు
వనముఁ జెఱచిన కోతికి వందనమ్ము.

నాగావళి:
గోస్తని గారూ, చెఱ పెట్టినవాడి వనాన్ని చెఱచడం బాగుంది. అంతకంటే బాగున్నది ‘చెనకకుండ’. చెనకడమంటే తాకడం, మీదికి పోవడం, బాధించడం. వనమంతటికీ చెఱచు, కూల్చు; ఆ ఒక్క చెట్టును చెనకను కూడా లేదు. వాల్మీకి రామాయణంలో రాక్షస స్త్రీలు రావణుడికి చెప్పేదీ అదే కదా, జానకి ఉన్న చోటు మాత్రం పాడు కాలేదని. ఇన్నాళ్లకు మీ పద్యంలో ఒక్క మాటా దండగ కాలేదు.

గోస్తని:
‘ఇన్నాళ్లకు’ అన్నది మెచ్చుకోలుగానే తీసుకుంటాను. మీ పూరణ ఏదీ?

నాగావళి:
ఇదిగో. అశోకవనం జోలికి పోలేదు.

మధువనముఁ జొచ్చి కపులెల్ల మత్తులైరి
దధిముఖుఁడు వచ్చి మొఱవెట్టఁ దత్క్షణంబ
సీతఁ గనిరంచు సుగ్రీవు చిత్త మలరె
వనముఁ జెఱచిన కోతికి వందనమ్ము!

నిర్వాహకుడు:
నేను ఎదురుచూసిన మలుపు ఇదే. తన మధువనానికి కాపలా ఉన్న సొంత మేనమామ దధిముఖుడు దెబ్బలు తిని వచ్చి ఫిర్యాదు చేస్తే సుగ్రీవుడికి కోపం రాలేదు. సీతను వెతికే పని కాకపోతే ఈ కపులకు ఇంత తెగువ ఎక్కడిదని ఊహించాడు. పాడైన తోటే శుభవార్త అయింది.

గోస్తని:
మలుపు గొప్పదే. మరి కపులెల్ల కలిసి చెఱిస్తే వందనం ఒక్క కోతికేనా? పోయిన పూరణలోనూ నాగావళి గారిది ఇదే తొందర. అప్పుడు ‘చెఱపి’ అని వాడారు. చెరపడం పలక మీది అక్షరాన్ని. కీడు చేయడం చెఱచడం. ఆ లెక్క ఇంకా తేలలేదు.

నాగావళి:
తేల్చుకుందాం. ‘చెరపకురా చెడేవు’ అంటారు. అక్కడ పలక ఎక్కడుంది? చెఱుచు, చెఱుపు రెండూ చెడగొట్టడమే. తుడిచివేయడం ఆ చెఱుపుకు మరో అర్థం. తాను పాడైతే చెడు, ఎదుటిదాన్ని పాడు చేస్తే చెఱచు. సామెతలో రెండూ పక్కపక్కనే ఉన్నాయి. ఇక ‘కోతికి’ అన్నది జాత్యేకవచనం, ఒక్కటిగా చెప్పినా జాతి అంతటికీ వర్తిస్తుంది.

సువర్ణముఖి:
ఒక మనవి. నేటి వాడుకలో చెఱచడమంటే స్త్రీ మీద అత్యాచారమనే అర్థమే ముందు తోస్తుంది. ఈ పాదం చూడగానే నాకు ఒక క్షణం ఇబ్బందిగా అనిపించింది. పని చెఱచు, గుణం చెఱచు, పేరు చెఱచు అన్న పాత విస్తృతి ఇలాంటి పద్యాల్లోనే బతకాలి. హింసించు, ఏచు, నొప్పించు అన్నవాటికి బాధపడే ప్రాణి కావాలి. చెఱచుకు ఆ నియమం లేదు. దేని మంచితనం పోగొట్టినా చాలు. వనానికి అదే తగిన క్రియ.

మంజీర:
రామాయణం కాకుండా మా చేను:

చేనిలో మొక్కజొన్నలఁ జెఱచి వచ్చి
జామతోఁటకుఁ జేరితి చాలు చాలు
నిన్నుఁ గొట్ట మనసేది? నీవు పొమ్ము
వనముఁ జెఱచిన కోతికి వందనమ్ము.

గోస్తని:
మూడో పాదం కుంటింది. ‘నసేది’ జగణం (లఘువు, గురువు, లఘువు), తేటగీతిలో ఆ చోట చెల్లదు. ‘గొట్టంగ మనసేది’ అనండి, సరిపోతుంది. భావం మాత్రం నిండుగా ఉంది. ‘నీకో దండం, వెళ్లు’ అనే రైతు విసుగును వందనం చేశారు.

మంజీర:
‘గొట్టంగ’ తీసుకుంటున్నాను, ధన్యవాదాలు. కానీ అది విసుగు ఒక్కటే కాదు. కోతుల బాధకు పంట మార్చుకున్న రైతులు మా వైపు ఉన్నారు. 2020లో నిర్మల్ దగ్గర కోతులకు పునరావాస కేంద్రం తెరిచారు. పట్టి తెచ్చినవాటికి పిల్లలు పుట్టకుండా శస్త్రచికిత్స చేసి అడవిలో వదులుతారు. పండ్ల చెట్లున్న అడవి ఉంటే అది చేనికి ఎందుకొస్తుంది? కొట్టడానికి మనసు రానిది అందుకే.

నాగావళి:
మంజీర గారూ, ఆ మాట పద్యంలోకి రావాలి. మూడో పాదానికి ఇది చూడండి: ‘కాననముఁ గూల్చు మానవా! కాలుఁ డెవఁడు?’

గోస్తని:
నాగావళి గారూ, అది మీ పద్యం అవుతుంది, ఆయనది కాదు. ‘నీవు పొమ్ము’లోని జాలి పోతుంది. ఉండనివ్వండి.

నిర్వాహకుడు:
గోస్తని గారి మాటే నా మాట. ‘గొట్టంగ’ దిద్దుబాటుతో మంజీర గారి పూరణ, యథాతథంగా నాగావళి గారిది ఎంపిక చేస్తున్నాను. జాత్యేకవచనం మీద అభ్యంతరం ఉన్నవారు ఇక్కడే రాయవచ్చు.

గోస్తని:
ఉంది. రేపు ఉదయం రాస్తాను.