అల్బర్ట్ ఎక్కా గురించి చర్చిలో ఏం చెప్పాలి? నిరుడు తప్పు చేశాను

యవనస్తుల కార్యదర్శి (ప్రశ్న):

అందరికీ వందనాలు. డిసెంబర్ 3న మా యవనస్తుల కూడికలో లాన్స్ నాయక్ అల్బర్ట్ ఎక్కా గురించి పది నిమిషాలు మాట్లాడమన్నారు. 1971 యుద్ధంలో అదే తేదీన చనిపోయి పరమవీర చక్ర పొందిన ఆదివాసీ క్రైస్తవ సైనికుడు. నిరుడు కూడా నేనే మాట్లాడాను. అప్పుడు చేసిన పని తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

వాట్సాప్‌లో వచ్చిన ఒక మెసేజ్ పట్టుకుని, దాడికి ముందు ఆయన మోకరించి ఇలా ప్రార్థించాడంటూ ఆ ప్రార్థనంతా చదివేశాను. అబద్ధమెందుకు, గొంతు కూడా కొంచెం వణికించాను. అందరూ ఆమేన్ అన్నారు. ఒకరిద్దరు కళ్లు తుడుచుకున్నారు. కూడిక అయ్యాక, ఎప్పుడూ వెనక బెంచీలో కూర్చునే ఒక పెద్దాయన, ఆర్మీలో చేసి వచ్చినవారు, చెప్పులు వేసుకుంటూ మెల్లగా అడిగారు: "బాబూ, ఆ రాత్రి అంత షెల్లింగ్‌లో ఆ ప్రార్థన విని రాసుకున్నదెవరు?"

ఏం చెప్పాలో తెలియక నవ్వి ఊరుకున్నాను. ఇంటికెళ్లి ఆ మెసేజ్ డిలీట్ చేశాను. కానీ విన్నవాళ్ల చెవుల్లోంచి తీసేయలేను కదా.

ఈసారి కల్పన లేకుండా చెప్పాలని ఉంది. అది తీసేస్తే నా దగ్గర మిగిలేది మిలిటరీ సంగతే. పాస్టరుగారేమో "విశ్వాసం గురించి చెప్పు, యుద్ధం గురించి కాదు" అంటున్నారు. ఎలా మాట్లాడాలి?

మాజీ హవల్దార్:

తమ్ముడూ, ముందు పరమవీర చక్ర సైటేషన్ చదువు, అంటే ఆ పతకం ఎందుకిచ్చారో చెప్పే అధికారిక రాత. ఒక్క పేజీ కూడా ఉండదు. అందులో ప్రార్థన లేదు, డైలాగు లేదు. చేసిన పని ఉంది.

గంగాసాగర్ ఇప్పటి బంగ్లాదేశ్‌లో ఉంది, అగర్తలకు పడమర, సరిహద్దు దాటితే చాలు. అక్కడి పాకిస్తాన్ మోర్చాల మీదికి మన ఆర్మీ గార్డ్స్ రెజిమెంట్‌లోని 14వ బెటాలియన్, 14 గార్డ్స్, దాడికి వెళ్లింది. ఎక్కాది ఎడమవైపు ముందున్న కంపెనీ. శత్రువు ఎల్‌ఎంజీ (లైట్ మెషిన్ గన్) ఒకటి కంపెనీవాళ్లను వరసగా పడగొడుతోంది. ఈయన ఆ బంకర్ మీదికి ఉరికి, ఇద్దరిని బాయొనెట్‌తో, అంటే తుపాకీ కొసకు బిగించే కత్తితో పొడిచి ఆ గన్ నోరు మూయించాడు. అక్కడే గట్టి గాయమైంది. అక్కడితో ఆగిపోయినా ఎవరూ వేలెత్తి చూపేవారు కాదు. ఆగలేదు. మైలు లోతున్న డిఫెన్స్‌లో ఒక్కో బంకరూ ఖాళీ చేయిస్తూ తోటివాళ్లతో నడిచాడు.

ఉత్తరం కొసకు వచ్చేసరికి ఒక బిల్డింగ్ పై అంతస్తు నుంచి ఎంఎంజీ (మీడియం మెషిన్ గన్) మొదలైంది. దాడి మొత్తం ఆగిపోయింది. ఆ గాయంతోనే పాక్కుంటూ గోడ దాకా వెళ్లి గ్రెనేడ్ వేశాడు. లోపల ఒకడు చచ్చాడు, ఒకడికి దెబ్బ తగిలింది, గన్ మాత్రం ఆగలేదు. అప్పుడు పక్క గోడ ఎక్కి లోపలికి దూరి, గన్ పట్టుకున్నవాణ్ని బాయొనెట్‌తో పొడిచాడు. గన్ ఆగింది. పొజిషన్ మనవాళ్ల చేతికొచ్చాక ఈయన ప్రాణం పోయింది.

నీ వాట్సాప్‌వాడు ఒక్క మాట దగ్గరగా చెప్పాడు. ఆయన మోకాళ్ల మీదే ఉన్నాడు. కాకపోతే పాకుతూ.

ఇంకో సంగతి. గార్డ్స్‌లో ఒకే కులం, ఒకే ప్రాంతం అన్నది ఉండదు. 1949లో పెట్టినప్పుడే అన్ని ప్రాంతాలవాళ్లనూ కలిపి పెట్టారు. ఎక్కా కూడా 1962లో బీహార్ రెజిమెంట్‌లో చేరి, తర్వాత 14 గార్డ్స్‌కు వచ్చినవాడే. మా యూనిట్లలో సర్వధర్మ స్థల్ అని ఉంటుంది, ఒకే కప్పు కింద అందరి దేవుళ్లూ. ఆదివారం నేను కూడా పాటలకు చప్పట్లు కొట్టినవాణ్నే, నేను హిందువునైనా. ఆయన కాపాడిన కంపెనీలో ఎవరు ఏ మతమో చూసి గోడ ఎక్కలేదు. మీ పాస్టరుగారికి ఇది చెప్పు.

ఆదివారపు బడి టీచర్:

హవల్దార్ గారూ, మీరు రాసింది చదువుతుంటే ఒళ్లు గగుర్పొడిచింది. అయినా ఒక మాట అడగాలి. బాయొనెట్ అన్న మాట రెండుసార్లు వచ్చింది. నా క్లాసులో పదేళ్ల పిల్లలుంటారు. "నరహత్య చేయకూడదు" అని వాళ్లకు నేర్పేది నేనే. ఆ బంకర్‌లో ఉన్నవాళ్లకూ తల్లులుంటారు. దీన్ని మింగేసి హీరో కథలా చెప్పడం నాకు చేతకాదు.

నేనైతే ఇలా చేస్తాను. లూకా 3వ అధ్యాయంలో సైనికులు బాప్తిస్మమిచ్చు యోహాను దగ్గరికొచ్చి మేమేం చేయాలని అడుగుతారు. ఉద్యోగం మానేయమని ఆయన అనలేదు. ఎవరినీ బలవంతపెట్టొద్దు, మీ జీతంతో తృప్తిపడండి అన్నాడు. యేసు మెచ్చుకున్న కపెర్నహూము శతాధిపతి ఉన్నాడు, అపొస్తలుల కార్యాల్లో కొర్నేలీ ఉన్నాడు, ఇద్దరూ రోమా సైన్యాధికారులే. అంటే సైనికుడి విశ్వాసం వాక్యంలో కొత్త సంగతి కాదు. అలాగని చంపడం పండగా కాదు. రెండూ చెప్పండి. యవనస్తులకు ఆ మాత్రం బరువు మోయడం వచ్చు.

స్నేహితుల కోసం ప్రాణం పెట్టేవాడి ప్రేమకన్నా గొప్ప ప్రేమ లేదని యేసు అన్న యోహాను 15:13 మాత్రం దయచేసి వద్దు. ప్రతి సైనికుడి సభలోనూ అదే వాక్యం, విని విని అరిగిపోయింది. పైగా సైనికుణ్ని సిలువ పక్కన నిలబెడితే ఇద్దరినీ సరిగ్గా చూడలేం.

రాంచీ తెలుగువాడు:

ఉద్యోగరీత్యా ఇక్కడుంటున్నాను. రాంచీ నడిబొడ్డున అల్బర్ట్ ఎక్కా చౌక్ ఉంది, విగ్రహం కూడా. ఆటో ఎక్కాలన్నా, ఎవరినైనా కలవాలన్నా, ధర్నా చేయాలన్నా అక్కడికే రమ్మంటారు. మొదటి ఆరు నెలలూ అది ఎవరి పేరో కూడా పట్టించుకోలేదు, ఒక అడ్రసులాగే వాడాను.

పాస్టరుగారు విశ్వాసం అడుగుతున్నారు కాబట్టి ఇక్కడి నేపథ్యం చెప్పండి. ఎక్కా పుట్టింది గుమ్లా వైపు జారిలో. ఇప్పుడు ఆ బ్లాకుకే ఆయన పేరు పెట్టారు. రాంచీ, గుమ్లా ఉన్న ఈ ఛోటానాగపూర్ ప్రాంతానికి జర్మనీ నుంచి గోస్నర్ మిషన్‌వాళ్లు 1845లో వచ్చారు. తర్వాత 1885లో వచ్చిన బెల్జియం జెస్యూట్ (క్యాథలిక్ గురువుల సంఘం) ఫాదర్ లీవెన్స్, భూమి పోగొట్టుకుంటున్న ఆదివాసీలకు కోర్టు కేసుల్లో అండగా నిలిచాడు. అంటే ఇక్కడ చాలామందికి చర్చి అన్నది ప్రసంగం కంటే ముందు వకీలు దగ్గరికి తోడొచ్చిన మనిషిలా అడుగుపెట్టింది. ఎక్కా అలాంటి నేలలో పెరిగాడు. ఆ రాత్రి ఆయన మనసులో ఏముందో మనం రాయక్కర్లేదు. ఆయన ఏ నేల మీద నిలబడి వచ్చాడో చెబితే చాలు.

ఇంకోటి, లెక్క వేసి చూడండి. పుట్టిన తేదీ 1942 డిసెంబర్ 27. పోయింది 1971 డిసెంబర్ 3. క్రిస్మస్‌కు ఇరవై రెండు రోజులు, పుట్టినరోజుకు ఇరవై నాలుగు రోజులు. ఇరవై తొమ్మిది నిండలేదు. ఆయన్ను అగర్తల దగ్గరే ఖననం చేశారు. దశాబ్దాల తర్వాత ఆ సమాధి మట్టి సొంతూరు జారికి వచ్చింది. మనిషి మాత్రం అక్కడే ఉండిపోయాడు.

యవనస్తుల కార్యదర్శి:

అందరికీ చాలా థ్యాంక్స్. టీచర్ గారూ, వాక్యం మార్చేశాను, లూకా 3 తీసుకుంటున్నాను. హవల్దార్ గారు చెప్పిన గోడ సంగతి ఉన్నది ఉన్నట్టు చెబుతాను, బాయొనెట్ దాచను. కానీ చెప్పాక కాసేపు ఆగుతాను, వెంటనే చప్పట్లు పడకుండా.

మన గుంపులో ఎక్కువమందికి ఇరవై ఎనిమిది దాటలేదు. ఆ తేదీల లెక్క వాళ్లనే వేయమంటాను.

ఆ పెద్దాయన దగ్గరికి నిన్న సాయంత్రం వెళ్లొచ్చాను. ఈసారి ప్రార్థన నేను కట్టను, చివర్లో మీరే చేయండి అని అడిగాను. నాకు మైకులో మాట్లాడటం రాదు బాబూ అన్నారు. మైకు లేకుండానే చేయండి అన్నాను. టోపీ తీసి, కాసేపు చేతిలో తిప్పుతూ కూర్చుని, సరే అన్నారు.