పన్నాలో వజ్రాల గుంత తీసుకుంటే గిట్టుబాటవుతుందా?

ప్రశ్న: మాది తుగ్గలి దగ్గర. తొలకరి పడితే చేలల్లో రాళ్లు వెతకడం చిన్నప్పటినుంచీ అలవాటే. ఇప్పుడు నలుగురం కలిసి మధ్యప్రదేశ్‌లోని పన్నాలో గుంత లీజుకు తీసుకుందామనుకుంటున్నాం. 8 మీటర్లకు 8 మీటర్ల జాగా, ఫీజు వందల్లోనే అంటున్నారు. పక్క గుంతలో 12 అడుగుల మట్టి తీశాక చాల్ (వజ్రాలు దొరికే గులకరాళ్ల పొర) తగిలిందట, మందం 2 అడుగులు. లెక్క ఎలా కట్టాలో తెలిసినవాళ్లు చెప్పండన్నా.

జవాబు: తమ్ముడూ, అక్కడ ఒక గుంతలో నేను రెండేళ్లు వాటాదారుగా ఉన్నా. ఫీజు సంగతి పక్కన పెట్టు, డబ్బంతా మట్టి తీయడానికే పోతుంది. 64 చదరపు మీటర్లలో 12 అడుగులంటే 234 ఘనపు మీటర్లు. గట్టి నేలలో మనిషి రోజుకు 2 ఘనపు మీటర్లు తవ్వి పైకెత్తితే గొప్ప. అంటే 117 కూలి దినాలు. కూలి 500 వేసుకుంటే 58 వేలు దాటింది, ఇంకా చాల్ ముట్టుకోలేదు. దాన్ని తవ్వడం, కడగడం, నీళ్ల మోటారు, మీ తిండి కలిపి లక్షకు తక్కువ కాదు.

కడిగిన చాల్‌ను చదును చేసిన నేలమీద ఆరబోసి, గొంతుక్కూర్చుని అరచేత్తో కొంచెం కొంచెం జరుపుతూ చూడాలి. తొందరపడితే రాయి చేతికిందనుంచే పోతుంది. ఈ పని నమ్మకమైన మనిషికే అప్పగించు.

ఇక రాబడి. దొరికిన రాయిని పన్నా వజ్రాల కార్యాలయంలో జమ చేయాలి, వేలంలో అమ్ముతారు. రాయల్టీ 11.5 శాతం పోతుంది. లక్ష ఖర్చు రావాలంటే రాయి 1.13 లక్షలు పలకాలి. క్యారెట్‌కు 50 వేలు అనుకో, రెండుంపావు క్యారెట్లు కావాలి. బరువులో అర గ్రాము కూడా కాదు. దాన్ని ఆ 2 అడుగుల పొరలోని దాదాపు 70 టన్నుల చాల్‌లో పట్టుకోవాలి.

ప్రశ్న: అన్నా, అక్కడి ఎన్‌ఎండీసీ (కేంద్ర ప్రభుత్వ గనుల సంస్థ) గనిలో 100 టన్నులకు 10 క్యారెట్లంటున్నారు కదా? ఆ లెక్కన మాకు 7 వస్తాయి.

జవాబు: ఆ అంకె మఝ్‌గవాన్ గనిలోని కింబర్లైట్ రాతిది. అక్కడ వజ్రాలను భూమి లోతునుంచి పైకి తెచ్చిన రాతినే తవ్వుతారు. మీది వాగులు మోసుకొచ్చిన గులకరాళ్ల పొర. ఒక గుంతలో రెండు రాళ్లుంటే పక్క మూడింటిలో ఒక్కటీ ఉండదు. 2018లో 42.59 క్యారెట్ల రాయి దొరికి రెండున్నర కోట్లు పలికింది, నిజమే. కానీ దాన్ని మీ లెక్కలో వేయొద్దు. రాబడి గడిలో సున్నా రాసి, లక్షను నలుగురికీ పంచి చూడండి. తలా 25 వేలు పోయినా ఇంట్లో ఎవరికీ ఇబ్బంది లేదంటేనే దిగండి. అప్పు మాత్రం తేవద్దు, వేలం ఎప్పుడు జరిగితే అప్పుడే డబ్బు.

ప్రశ్న: మాలో ఒకడు వడ్డీకి తెస్తానన్నాడు. వాడిని ఆపి ముగ్గురమే అయితే తలా 33 వేలు పైన. ఇంట్లో మాట్లాడి చెబుతానన్నా.