అడుగు దాటిన సక్కర్ చేప, మూడడుగుల తొట్టి: ఏం చేయాలి?

ప్రశ్న (పాలకొల్లు)
మా అక్వేరియంలో సక్కర్ చేప ఉందండి. తెచ్చినప్పుడు చూపుడువేలంత. అద్దాల పాచి తింటుందని షాపులో చెప్పారు. ఇప్పుడు అడుగు దాటింది, వెనక్కి తిరిగితే తోక అద్దానికి తగులుతోంది. నీళ్లు మార్చిన మర్నాటికే మడ్డి. పాచి జోలికి పోవట్లేదు. షాపువాళ్లు తిరిగి తీసుకోం అన్నారు. కాలవలో వదిలేయమని మావయ్యగారు అంటున్నారు, నాకేమో టెన్షన్‌గా ఉంది.

జవాబు (భీమవరం పక్క ఊరు, చెరువు రైతు)
కాలవలో మాత్రం వద్దమ్మా, దయచేసి. మేం శీలావతి, బొచ్చె పెంచుతాం. కాలవ నీరు పెట్టినప్పుడు తూములోంచి ఈ చేప మా చెరువులోకి దిగింది. పట్టుబడి రోజు దాని ముళ్లు వలకి చిక్కుకుంటే వల చిరగాల్సిందే, విడదీసేవాళ్ల చేతులు గీరుకుపోవాల్సిందే. కొనేవాడు లేడు. మేం వేసిన మేత మాత్రం తింటుంది.

అన్నిటికన్నా గట్టు సంగతి భయం. మగది గూడు కోసం గట్టులో బొరియ తవ్వుతుంది, మీటరు లోతు కూడా పోతుంది. అందులో ఆడది వందల గుడ్లు పెడితే మగది కాపలా కాస్తుంది. అలాంటి బొరియలు పక్కపక్కన పడితే గట్టు జారిపోతుంది. మన డెల్టాలో గట్టే కదా అన్నిటికీ ఆధారం! వేసవిలో కాలవలు కట్టేస్తే చస్తుందిలే అనుకోకండి. గాలి మింగి పొట్టతోనే పీల్చుకుంటుంది, కాస్త తడి ఉంటే గంటల తరబడి బతుకుతుంది. మావయ్యగారికి నా మాటగా చెప్పండి.

జవాబు (కాకినాడ)
వెన్ను రెక్కలో పుల్లలు లెక్కపెట్టండి. పది, అంతకు మించి ఉంటే అది టెరిగోప్లిక్తిస్ అనే రకం సక్కర్. దక్షిణ అమెరికా నదుల చేప, అడుగున్నర దాకా పెరుగుతుంది, పదేళ్లు పైన బతుకుతుంది. దీనికి ఆరడుగుల తొట్టి కావాలి. ఈ సైజుకి పాచి సరిపోదు. రాత్రి లైటు ఆర్పాక అడుక్కి దిగే గుళికలు, కాస్త ఉడికించిన బీరకాయ ముక్క వేయండి. గీకడానికి చెక్క మొద్దు పెట్టండి. మడ్డంతా దాని రెట్టే, పెద్ద ఫిల్టర్ తప్పదు. వారానికోసారి మూడోవంతు నీళ్లు మార్చండి.

ప్రశ్న అడిగినవారు
డాబా మీద పాత సిమెంటు తొట్టి ఉంది, పెద్దదే. అందులో పెంచొచ్చా?

జవాబు (చెరువు రైతు)
పెంచొచ్చమ్మా. ఎండ పడకుండా పందిరి వేయండి. పైన వల బిగించి, నీళ్లు పోయే గొట్టానికి జాలీ కట్టండి. వానాకాలం తొట్టి పొంగితే అది నేరుగా మురుక్కాలవలోకే పోతుంది.