ఎస్టీమ్ లోపలి బేజ్ కార్పెట్, డోర్ ప్యాడ్లు ముదురు రంగుకి మార్చడం ఎలా? ఒకసారి చేసి చెడగొట్టాను

పాతబండి_గుంటూరు:

నమస్కారమండీ. మా నాన్నగారి 2004 మారుతి ఎస్టీమ్ కారు ఈ మధ్యే నా చేతికొచ్చింది. ఇంజన్ బంగారం. డోర్ తీసి లోపలికి చూస్తే మాత్రం ఏడుపొస్తుంది. ఇన్నేళ్ళ గుంటూరు ఎండకి వెనక అద్దం కింద ట్రే వేయించిన అప్పడంలా అయిపోయింది. డ్రైవర్ కాళ్ళ దగ్గర కార్పెట్ నిండా జిడ్డు. ఎడమవైపు ఎప్పుడో గోంగూర పచ్చడి సీసా ఒలికిన నూనె మరక ఉంది. రెండుసార్లు షాంపూ వాష్ చేయిస్తే మరక ఇంకా పెద్దదైంది గానీ పోలేదు.

సీట్లకి నల్ల కవర్లు వేయించాను. వాటి కింద ఈ బేజ్ కార్పెట్ చూస్తే, సూటు వేసుకుని హవాయి చెప్పులు తొడుక్కున్నట్టుంది. అందుకే లోపలంతా ముదురు బూడిద రంగుకి మార్చేద్దామనుకున్నాను.

ఇక నా తెలివి చూడండి. బట్టలకి వేసే నల్ల రంగు పొడి రెండు పొట్లాలు తెచ్చాను. బకెట్ వేడినీళ్ళలో గుప్పెడు ఉప్పుతో కలిపి, వెనక సీటు వాళ్ళ కాళ్ళ కింద పరిచే కార్పెట్ ముక్కని రాత్రంతా నానబెట్టాను. పొద్దున తీస్తే నిగనిగలాడింది. ఆరాక చూస్తే సున్నం గోడ మీద బొగ్గు గీసినట్టు చారలు. పోనీలే అని కార్లో వేసేశాను. వారం తిరక్కముందే వాన. పెళ్ళికి వెళ్తూ మా మేనమామ తడి కాళ్ళతో ఎక్కారు. దిగేసరికి ఆయన పట్టు పంచె అంచు ఊదారంగు! ఇంతవరకు మా ఇంటికి భోజనానికి రాలేదు.

కాబట్టి ఈసారి అడిగి చేద్దామని. కార్పెట్‌కి అసలు ఏ రంగు నిలుస్తుంది? డోర్ ప్యాడ్లు, పిల్లర్ల (అద్దాల మధ్య పైకప్పుని మోసే నిలువు స్తంభాలు) మీది ప్లాస్టిక్కి ఏం వేయాలి? సీట్ బెల్టులు కూడా బేజే, వాటినీ అదే పనిలో ముంచేయొచ్చా? ఆర్‌సీలో ఏమైనా మార్పించాలా?


రంగులబాన:

మాది ధర్మవరం, పట్టు పోగుకి రంగులద్దే ఇల్లు. కార్ల గురించి నాకు తెలిసింది తక్కువ. మీ బకెట్లో ఏం జరిగిందో మాత్రం చెప్పగలను.

మీరు తెచ్చిన పొడి నూలుబట్ట కోసం తయారైంది. అందుకే ఉప్పు వేయమంటారు. కార్పెట్లో నూలు పోగు ఒక్కటి కూడా ఉండదు. రంగు పీచు లోపలికి పోకుండా పైపైన ఆరింది, తడి తగలగానే దిగింది. పాపం మీ మామగారి పంచె పట్టుది కాబట్టి ఆ కాస్త రంగునీ బాగానే పట్టేసి ఉంటుంది.

ముందు మీ కార్పెట్ ఏ పీచో తేల్చుకోండి. సీటు కింద ఎవరికీ కనిపించని చోట నాలుగు పోగులు పీకండి. వెనక జిగురు అంటుకుని ఉంటే ఆ కొస కత్తిరించేయండి. గ్లాసు నీళ్ళలో ఒక చుక్క గిన్నెలు తోమే లిక్విడ్ కలిపి, పోగుల్ని అందులో వేళ్ళతో బాగా నలిపి వదలండి. లిక్విడ్ ఎందుకంటే, అది లేకపోతే మునిగే పీచు కూడా గాలి బుడగలు పట్టుకుని కాసేపు తేలి మిమ్మల్ని మోసం చేస్తుంది.

తేలితే అది పాలీప్రొపిలీన్, నీళ్ళకన్నా తేలిక. దాని మీద ఆశ వదులుకోండి. ఆ పీచు తీసేటప్పుడే, కరిగిన ప్లాస్టిక్‌లోనే రంగు కలిపేస్తారు. ఆ తర్వాత మా బానలో వారం ఉంచినా ఎక్కదు.

మునిగితే నైలాన్ కావచ్చు, పాలిస్టర్ కావచ్చు. పాలిస్టర్‌కి రంగు ఎక్కాలంటే మిల్లుల్లో ప్రెషర్ మీద 130 డిగ్రీల దాకా వేడి చేస్తారు, ఇంట్లో కుదిరే పని కాదు. నైలాన్ అయితే మీ పంట పండినట్టే. మేం పట్టుకి వాడే యాసిడ్ రంగులే దానికీ పడతాయి. పేరు చూసి భయపడకండి, అందులో కావలసిన పులుపు మామూలు వెనిగర్‌తో సరిపోతుంది. ఈ రెండింటిలో ఏదో తేల్చడానికి గుప్పెడు పోగులు చిన్న గిన్నెలో వేసి అద్ది చూడటమే దారి. గోరువెచ్చటి నీళ్ళతో మొదలుపెట్టి, అంచుల్లో సన్న బుడగలు లేచేదాకా మెల్లగా వేడెక్కించండి, తెర్లనివ్వద్దు. అరగంట అయ్యాక గరిటెతో నీళ్ళు తీసి వెలుగులో చూడండి. నైలాన్ అయితే రంగంతా పీచు తాగేసి నీళ్ళు పల్చటి టీలా తేటపడతాయి. ముదురు బూడిదకి కిలో పీచుకి 20–30 గ్రాముల పొడి, నలుపు కావాలంటే దానికి రెట్టింపు. ఆ గిన్నె మళ్ళీ వంటకి పనికిరాదు, ఇంట్లో ముందే చెప్పుకోండి.

ఒక చిక్కు ఉంది. మీ కార్పెట్ కారు నేల ఆకారానికి అచ్చు వేసి ఉంటుంది కదా, దాన్ని మొత్తంగా వేడినీళ్ళలో ముంచితే ఆకారం పోతుంది, వెనక జిగురు ఊడుతుంది. బయటికి తీసి, వేడి రంగునీళ్ళు స్ప్రే కొట్టి, బట్టల స్టీమర్‌తో అడుగు అడుగుకీ ఆవిరి పట్టాలి. బానలో వచ్చినంత సమంగా రాదు. గోంగూర నూనె పోకుండా మాత్రం మొదలుపెట్టకండి, జిడ్డు ఉన్నచోట రంగు ఎక్కదు. చివర్లో నీళ్ళు తెల్లగా వచ్చేదాకా కడిగి ఆరబెట్టండి. తడిపిన తెల్లటి నూలుగుడ్డతో ఇరవైసార్లు గట్టిగా రుద్ది, గుడ్డకి ఏమీ అంటకపోతేనే మీ మామగారిని ఎక్కించుకోండి.


డోర్‌ప్యాడ్_బెజవాడ:

పైన అన్న చెప్పింది అద్దకం. ప్లాస్టిక్‌ది అద్దకం కాదు తమ్ముడూ, పూత. డబ్బా మీద డై అని రాసి ఉన్నా సరే అది పల్చటి పెయింటే. నేను ఆటోనగర్లో ట్రిమ్ పని చేస్తాను, రంగు లేచిపోయి వచ్చే కేసులే ఎక్కువ చూస్తాను.

ఎందుకు లేస్తుందంటే పాలిష్. డాష్‌బోర్డ్ మెరవాలని జనం ఏళ్ళ తరబడి సిలికాన్ పాలిష్ రుద్దుతారు. అది పొరలా ఉండిపోతుంది. దాని మీద రంగు కొడితే చేప కళ్ళలా గుండ్రటి గుంటలు పడతాయి. సబ్బుతో కడిగి, ఆరాక ఐసోప్రొపిల్ ఆల్కహాల్‌తో గుడ్డ మార్చి మార్చి తుడువు, గుడ్డ తెల్లగా రావాలి. తర్వాత గిన్నెలు తోమే పచ్చ స్క్రబ్బర్‌తో మెరుపు పోయేంత మాత్రం రుద్దు. ఎమరీ వద్దు, ప్లాస్టిక్ మీది గింజ డిజైన్ పోతుంది.

విప్పిన ప్రతి ముక్కనీ తిరగేసి చూడు. అది ఏ రకం ప్లాస్టిక్కో, వెనక ఏబీఎస్ అనో పీపీ అనో అచ్చు ఉంటుంది. ఏబీఎస్ మంచిది, రంగు బాగా పట్టుకుంటుంది. పీపీ అంటే అన్న చెప్పిన పాలీప్రొపిలీనే, తేలే పీచు. అక్కడ రంగు తాగదు, ఇక్కడ పెయింట్ పట్టదు, అదే బుద్ధి. దానికి ముందు బంపర్లకి కొట్టే ప్లాస్టిక్ ప్రైమర్ పల్చగా ఒక చేయి వేయాలి. డోర్ ప్యాడ్ మీద రెగ్జిన్ ఉన్న భాగానికి వినైల్ స్ప్రే వేరే ఉంటుంది, మామూలు పెయింట్ వేస్తే చేయి ఆనే చోట పగులుతుంది.

విప్పడంలో ఒక సంగతి. చేత్తో అద్దం దింపే హ్యాండిల్ ఉంటే స్క్రూ కోసం వెతక్కు. దాని వెనక సందులో పాత బనీను గుడ్డ దూర్చి, బూటు పాలిష్ చేసినట్టు అటూ ఇటూ లాగు. లోపలి సన్న తీగ క్లిప్ టప్పుమని ఊడుతుంది. ఎగిరి ఎక్కడో పడుతుంది, ఎదురుగా ఎవర్నైనా దుప్పటి పట్టుకోమను. ప్యాడ్ ప్లాస్టిక్ క్లిప్పులు ఎండకి పెళుసెక్కి సగం విరుగుతాయి, ముందే రెండు డజన్లు తెచ్చిపెట్టుకో.

స్ప్రే ఒకేసారి తడిసేలా కొట్టకు. మంచు పట్టినట్టు పల్చగా నాలుగైదు చేతులు, మధ్యలో పది పదిహేను నిమిషాలు ఆగు. వానాకాలంలో ముసురు రోజు కొడితే తెల్లగా పొగ పట్టినట్టు వస్తుంది.

సీట్ బెల్టుల జోలికి మాత్రం పోకు. ప్రాణం ఆ పట్టీ మీద ఆగుతుంది. రంగు, వేడి, పులుపు వాటి పోగుని ఏం చేస్తాయో బయటికి చూస్తే తెలీదు. సబ్బునీళ్ళతో కడిగి అలాగే ఉంచు. మీ బండికి కాదుగానీ ఇది చదివే మిగతావాళ్ళకి: ఎయిర్‌బ్యాగ్ మూతల మీద కూడా ఏ పూతా వద్దు. ఆర్‌సీలో ఉండేది బయటి రంగు, లోపలి దానికి ఆఫీసు చుట్టూ తిరగక్కర్లేదు.


ఎన్‌హెచ్65:

నేను డాష్‌బోర్డ్ పైభాగం నిగనిగలాడే నలుపు కొట్టించి అనుభవిస్తున్నాను. మధ్యాహ్నం హైదరాబాద్ వైపు పోతుంటే అద్దంలో రోడ్డుకి బదులు డాష్‌బోర్డే కనిపిస్తోంది. మ్యాట్ ఫినిష్ తీసుకోండి. కార్పెట్‌కి మాత్రం పూర్తి నలుపు వద్దు, మన దుమ్ము దాని మీద పిండి చల్లినట్టు కనపడుతుంది. బూడిదే నయం.


పాతబండి_గుంటూరు:

అందరికీ థాంక్సండీ. ఆదివారం పరీక్ష చేశాను. నేల కార్పెట్ పోగులు మునిగాయి, డిక్కీవి తేలాయి. ఒకే కార్లో రెండు రకాలు! నేను బకెట్లో ముంచిన ముక్క కూడా తేలే రకమే. ఆ రాత్రంతా నేను రంగు వేసింది రంగు తాగని దానికి.

మునిగిన పోగుల్ని పాత పాల గిన్నెలో అద్దితే నీళ్ళు నిజంగానే తేటపడ్డాయి. మా ఆవిడ కూడా వచ్చి చూసింది, తర్వాత గిన్నె గురించి మాట్లాడింది. డిక్కీకి ఆటోనగర్లో మీటరు లెక్కన అమ్మే బూడిదరంగు కార్పెట్ కొని, పాతదాన్నే కొలతగా పెట్టి కత్తిరించుకుంటున్నాను. నేల కార్పెట్‌కి ముందు నూనె వదిలిస్తున్నాను, రెండు కడుగుళ్ళయ్యాయి, గోంగూర వాసన ఇప్పుడిప్పుడే తగ్గుతోంది.

ఒక డోర్ ప్యాడ్ విప్పాను. బనీను గుడ్డ చిట్కా అద్భుతం. దుప్పటి పట్టుకోవడానికి మా అబ్బాయిని నిలబెట్టాను, వాడు ఫోన్ చూస్తున్నాడు. క్లిప్ ఇంకా వెతుకుతున్నాం. బెజవాడ అన్నా, ఆ తీగ క్లిప్ విడిగా దొరుకుతుందా, లేక హ్యాండిల్‌తో కలిపే కొనాలా?