జాతీయ సగటు వేతనంతో నా జీతాన్ని ఎలా పోల్చుకోవాలి?

ప్రశ్న

అందరికీ నమస్కారం. ఈ చర్చలో వేర్వేరు దేశాలవారు ఉన్నారు కనుక కరెన్సీ పేరు లేకుండా అంకెలు మాత్రమే ఇస్తున్నాను. మా దేశంలో సగటు నెల వేతనం 40,000 అని ఇటీవల పత్రికలో చదివాను. నా ఖాతాలో నెలనెలా జమ అయ్యేది 31,000. గిడ్డంగి నిర్వహణలో ఏడేళ్ల అనుభవం ఉండి కూడా సగటును అందుకోలేకపోయానన్న దిగులు పట్టుకుంది. వచ్చే నెలలో జీతం పెంచమని అడగాలనుకుంటున్నాను. ఈ పోలిక సరైనదేనా? తెలిసినవారు దయచేసి వివరించగలరు.

మొదటి జవాబు

నమస్కారమండీ. దిగులు పడే ముందు మీ పే స్లిప్ ఒకసారి తీసి చూడండి. మీ ఖాతాలో పడేది పన్నులు, పింఛను, బీమా వంటి కోతలన్నీ పోగా మిగిలిన నికర వేతనం. గణాంక సంస్థలు ప్రకటించేది సాధారణంగా ఆ కోతలకు ముందున్న స్థూల వేతనం. 1973లో కార్మిక గణాంకవేత్తల అంతర్జాతీయ సదస్సు చేసిన తీర్మానం కూడా ఉద్యోగి సంపాదనను కోతలకు ముందే లెక్కించాలని చెప్పింది. మీ తరఫున యజమాని తన జేబులోంచి కట్టే పింఛను వాటాను అందులో కలపకూడదని కూడా అదే తీర్మానం చెబుతుంది. కాబట్టి ఆఫర్ లెటర్‌లో కనిపించే పెద్ద అంకెనూ తీసుకోవద్దు, బ్యాంకు సందేశంలో వచ్చే చిన్న అంకెనూ తీసుకోవద్దు. మూలవేతనం, భత్యాలు కలిపిన తరువాత, కోతలు మొదలయ్యే ముందు ఒక మొత్తం ఉంటుంది. మీకు కావలసింది అదే.

రెండో జవాబు

పై సభ్యులు చెప్పినది సరైనదే. నా దృష్టిలో అంతకంటే పెద్ద చిక్కు ‘సగటు’ అన్న మాటలోనే ఉంది. తొమ్మిది మంది పనిచేసే ఒక చిన్న కార్యాలయాన్ని ఊహించుకోండి. వారి జీతాలు వేలల్లో 18, 20, 22, 24, 26, 28, 30, 32, 160 అనుకుందాం. మొత్తం 360. తొమ్మిదితో భాగిస్తే సగటు 40. అంటే ఆ కార్యాలయంలో ఎనిమిది మంది సగటు కంటే తక్కువ జీతగాళ్లే! అదే జీతాలను వరుసలో పేర్చి సరిగ్గా నడుమనున్న అయిదో వ్యక్తిని చూస్తే 26 వస్తుంది. దీన్నే మధ్యగతం అంటారు. చివరి వ్యక్తి జీతం 160 నుంచి 300కు పెరిగినా మధ్యగతం కదలదు, సగటు మాత్రం ఎగబాకుతుంది. జీతాల విషయంలో కింది వైపు ఒక హద్దు ఉంటుంది, పై వైపు ఉండదు. అందుకే దాదాపు ఏ దేశంలో చూసినా సగటు మధ్యగతం కంటే పైనే ఉంటుంది. నలుగురిలో మీరెక్కడ ఉన్నారో తెలుసుకోవాలంటే మీ దేశ గణాంక సంస్థ మధ్యగతాన్ని ప్రకటిస్తున్నదేమో వెతకండి. ఎంత శాతం మంది ఏ జీతం కంటే తక్కువ సంపాదిస్తున్నారో చూపే పర్సెంటైల్ పట్టికలు కూడా దొరికితే మరీ మంచిది.

మరొక్క మాట. తలసరి ఆదాయాన్ని సగటు జీతంగా పొరబడేవారు చాలామంది ఉన్నారు. తలసరి లెక్కలో పసిపిల్లలు, వృద్ధులు, ఉద్యోగం లేనివారు అందరూ భాగహారంలోకి వస్తారు కనుక దానితో జీతాన్ని పోల్చడం అర్థం లేని పని.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ కృతజ్ఞతలు. పే స్లిప్ చూశాను. కోతలకు ముందు మొత్తం 36,500 ఉంది. మా దేశపు మధ్యగతం 33,000 అని గణాంక సంస్థ పట్టికలో కనిపించింది. మనసు కాస్త తేలికపడింది. ఏడాదికొకసారి వచ్చే బోనస్‌ను పన్నెండుతో భాగించి కలుపుకోవచ్చా?

మూడో జవాబు

ఆ పట్టిక కింద ఇచ్చిన నిర్వచనం చదవనిదే చెప్పలేమండీ. కొన్ని సర్వేలు బోనస్‌ను కలుపుతాయి, కొన్ని వదిలేస్తాయి. వారు కలిపితే మీరూ కలపండి, లేకపోతే మానండి. ఆ నిర్వచనంలోనే మరి రెండు సంగతులు చూడండి. పూర్తికాలం పనిచేసేవారిని మాత్రమే లెక్కించారా, పార్ట్‌టైమ్ వారినీ కలిపారా? చిన్న సంస్థలనూ అడిగారా, ఒక పరిమాణం దాటిన సంస్థలనే అడిగారా? వీటిని బట్టి అంకె ఎంతో మారిపోతుంది.

సగటు పెరిగిందన్న వార్త చూసినప్పుడు కూడా జాగ్రత్త అవసరం. 2020లో కరోనా కాలంలో కొన్ని దేశాలలో సగటు వేతనం పెరిగినట్లు కనిపించిందని అంతర్జాతీయ కార్మిక సంస్థ తన వేతన నివేదికలో వివరించింది. నిజానికి అక్కడ జరిగింది తక్కువ జీతంవారు ఎక్కువగా ఉద్యోగాలు కోల్పోవడం. వారు లెక్కలోంచి తప్పుకోగానే మిగిలినవారి సగటు దానంతటదే పైకి లేచింది.

మీ యజమానితో మాట్లాడేటప్పుడు జాతీయ సగటును ముందు పెట్టకపోవడమే మేలని నా అభిప్రాయం. వైద్యుడి జీతం, కాపలాదారు జీతం కలిసిన అంకె గిడ్డంగి నిర్వాహకుడి విలువ చెప్పలేదు. మీ వృత్తికి, మీ అనుభవానికి, మీ ప్రాంతానికి దొరికే మధ్యగతాన్ని చూపించండి. దానికి తోడు మీ పాత జీతాన్ని ధరలతో సరిచూడండి. రెండేళ్ల కిందట మీ స్థూల వేతనం ఎంత?

ప్రశ్న అడిగినవారు

అప్పుడు 33,500 అండీ. ఈ రెండేళ్లలో ధరల సూచీ 12 శాతం పెరిగింది.

మూడో జవాబు

అయితే 33,500ను 1.12తో గుణించండి. 37,520 వస్తుంది. రెండేళ్ల కిందటి కొనుగోలు శక్తి నిలవాలంటే మీకు ఇప్పుడు రావలసింది అంత, వస్తున్నది 36,500. నెలకు 1,020 తరుగు. మధ్యగతం కంటే పైన ఉన్నా మీ జీతం నిజవిలువలో తగ్గింది. మీరు అడగబోయే పెంపు ఈ తరుగు పూడ్చుకోవడం దగ్గర మొదలు కావాలి, ఏడేళ్ల అనుభవానికి తగినది ఆ పైన అడగండి.